పన్నెండు మెషిన్లు, ఒక నల్లకోటు

మెట్ల కింది గది,
జూన్ 4

తమ్ముడికి,

అక్క రాస్తోంది. నువ్వు చేరినట్టు ఉత్తరం రాలేదు. చేరకపోతే చేరలేదని అయినా రాయాలి కదా. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరాలెందుకని విసుక్కుంటావు. ఫోన్లో నీ మాట నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే ఊహించుకుని హడలి చస్తాను. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకుని నిదానంగా భయపడొచ్చు.

ఆ కొత్త ఆఫీసులో చలి ఎక్కువని విన్నాను. మెషిన్లకు వేడి పడదట. మరి మనుషులకు చలి పడుతుందా? చెవులకు గుడ్డ కట్టుకో. యాభై ఏడేళ్లవాణ్ణి అంటావు, చెవులకు వయసేం తెలుసు.

నీ ఇంటి గురించి బెంగపెట్టుకోకు. తాళంచెవి మెడలో తాడుకు కట్టుకున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి, టక్‌మని శబ్దం వచ్చేదాకా తిప్పి చూసి వస్తున్నాను. ఆ శబ్దం చెవిన పడితేగానీ నాకు ముద్ద దిగదు.

అక్కడి గదిలో గ్యాస్ కట్టే బయటికి వెళ్తున్నావా? రాయి.

అక్క

*

మెషిన్ల హాలు,
జూన్ 13

అక్కకు,

చేరాను. బాగున్నాను. చెవులు కూడా బాగున్నాయి.

నా పనేమిటో నీకు అర్థమయ్యేలా చెబుతాను, లేకపోతే నువ్వే ఏదో ఒకటి ఊహించుకుంటావు. మా రేడియో వాళ్ల నలభై ఏళ్ల రికార్డింగులు టేపుల్లో బూజు పడుతున్నాయి. వాటిని దాచడానికి పన్నెండు లైనక్స్ కంప్యూటర్లు తెచ్చారు, మేం మెషిన్లంటాం. ఒక్కోదానికి రెండేసి డిస్కులు. చిన్నదాంట్లో మెషిన్ తానే కాపురం ఉంటుంది. పెద్దది ఖాళీ స్థలం. ఆ స్థలంలో గోడలు లేపి గది కట్టాలి, దాన్నే వాల్యూమ్ అంటారు. దానికి సున్నం కొట్టాలి, తలుపు బిగించాలి. అప్పుడుగానీ అందులో సామాను పెట్టలేం.

పన్నెండింటికీ చేత్తో చేస్తే పన్నెండు రోజులు, పన్నెండు రకాల తప్పులు. అందుకని పనులన్నీ వరసగా ఒక్క చిట్టాలో రాసి పెద్ద మెషిన్‌కిస్తాను. అది పన్నెండింటి దగ్గరికీ వెళ్లి నా మాటగా చెప్పి చేయిస్తుంది. అరగంటకోసారి మళ్లీ ఒక చుట్టు తిరిగి, ఏదైనా తేడా ఉంటే సరిచేసి వస్తుంది కూడా. దీన్ని కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అంటారు. ఇంత పొడుగు పేరున్న పనికి ఇంకో మనిషినివ్వకుండా నన్నొక్కణ్ణే పెట్టారంటే నా మీద ఎంత నమ్మకమో చూడు.

ఆగస్టు ఆఖరున పెద్దమేడం గారు వస్తారు. ఆవిడ ఎదుట పన్నెండు మెషిన్లనూ ఆపి మళ్లీ లేపాలి. లేచాక గదులు గదుల్లా, లోపలి సామాను లోపలే ఉంటే, రిటైరయ్యేదాకా ఈ హాలు నాది. లేకపోతే పని బయటి కంపెనీకి, నేను పార్సిళ్ల సెక్షన్‌కి. అక్కడ పెద్ద ఎవరో తెలుసుగా, జిగురు బాబు. నా దగ్గర పని నేర్చుకుని, మొన్న నన్నే, "ఏం గురువుగారూ, కవర్లంటించడం వచ్చా?" అన్నాడు.

ఆ భయమేం పెట్టుకోకు. నెల తిరక్కుండా పూర్తి చేస్తాను. ఆ రోజుకు నా నల్లకోటు కావాలి, బీరువాలో ఉంది. ఆగస్టులో పంపు.

తమ్ముడు

*

మెట్ల కింది గది,
జూన్ 25

తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గోడలు, సున్నం అర్థమయ్యాయి. ఆ పెద్ద మెషిన్ అరగంటకోసారి పన్నెండు ఇళ్లూ తిరిగి రావడం మాత్రం నాకు నచ్చింది. దానికీ నాలాగే ఒకచోట కాలు నిలవదు కాబోలు.

పార్సిళ్ల మాట దగ్గర చదవడం ఆపి రెండుసార్లు లేచి తిరిగాను. నీకు జిగురు పడదు. చిన్నప్పుడు గాలిపటం అంటించబోయి జుట్టుకంతా పూసుకుంటే, వంటింటి కత్తెరతో నేనే గుండు చేశాను. ఈ వయసులో మళ్లీ ఆ గుండు చూడలేను.

ఇక్కడ అంతా క్షేమం. నీ ఇంటి ఎదురుగా ఉండే కుట్టుపని ఆవిడ నిన్న అడిగింది.

"ఏం పెద్దమ్మా, మీ తమ్ముడిల్లు రోజూ గాలి ఆడిస్తున్నట్టున్నారే."

"నేనెందుకు ఆడిస్తానమ్మా, రెండు పూటలా తాళం తిప్పి వస్తుంటేనూ."

"అలాగా. అయితే నా కళ్లజోడు మార్చాలి" అంది.

పాపం, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, అప్పుడే చూపు మందగించింది. సూదిపని అంతే మరి.

వీధిలోకి కొత్తగా రెండు నల్లపిల్లులు వచ్చాయి. ఆకలివేళకు నా గుమ్మంలో కూర్చుని, నేను వాటికి బాకీ పడ్డట్టు చూస్తున్నాయి. గ్యాస్ సంగతి నువ్వు రాయలేదు.

అక్క

*

ఆఫీసు క్యాంటీన్,
జూలై 6

అక్కకు,

ఎవరికీ చెప్పకు. ఇక్కడ దొంగ ఉన్నాడు.

చిట్టా మొదటిసారి పంపగానే పన్నెండు చోట్లా గదులు లేచాయి. నేను కాలర్ ఎగరేశాను. రెండోసారి పంపితే మొదటి మెషిన్ దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడ గది ఉంది, మళ్లీ కట్టను" అని మొరాయించింది. నా మాట మెషిన్ కాదనడమా అని చిట్టాలో ఒక మాట చేర్చాను: తలుపు ఊడదీసి అయినా సరే, బలవంతంగా కట్టు. అప్పుడు నోరు మూసుకుని కట్టింది.

అంతా బాగుందని పరీక్షకు పన్నెండు చోట్లా ఒకే రికార్డింగు పెట్టాను. ముఖ్యమైనదే, ఎవరిదో ఇప్పుడు చెప్పను. టీ తాగి వచ్చేసరికి లేదు. గది ఉంది, తలుపు ఉంది, సున్నం తళతళలాడుతోంది, సామాను లేదు. మళ్లీ పెట్టాను. భోజనం చేసి వచ్చేసరికి మళ్లీ లేదు. అలా మూడు రోజుల్లో పంతొమ్మిదిసార్లు.

క్యాంటీన్ అతని మీద అనుమానం వచ్చి హాలు తలుపు దగ్గరే కాపు కాశాను.

"సార్, మీ మెషిన్లలో నాకేం పని? ఒక్కటైనా తినే వస్తువా?" అన్నాడు.

మాట సబబుగానే ఉంది. కానీ ఎవరో ఒకరు తీస్తున్నారు కదా. నాకు అన్నం సహించడం లేదు. నువ్వేం కంగారు పడకు.

తమ్ముడు

*

మెట్ల కింది గది,
జూలై 14

తమ్ముడికి,

కంగారు పడకు అని నువ్వు రాసినప్పుడల్లా నేను ముందుగా మంచం మీద కూర్చుంటాను.

నీ దొంగ మాటకు ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను. కుట్టుపని ఆవిడ సోమవారం నాతోపాటు నీ ఇంటికి వచ్చింది. నేను ఎప్పటిలాగే తాళంచెవి పెట్టి టక్‌మనిపించాను. ఆవిడ తలుపు తోసింది. తలుపు తెరుచుకుంది.

"ఇదేంటి పెద్దమ్మా, తీశారు?"

"తియ్యలేదమ్మా, వేసిందో లేదో చూశాను."

"తిప్పి చూస్తే వేసింది తెరుచుకుంటుంది, తెరిచింది పడుతుంది. మీరు పొద్దున తీస్తున్నారు, సాయంత్రం వేస్తున్నారు. వేసుందో లేదో చూడ్డానికి తాళంచెవి ఎందుకు? పట్టుకుని లాగండి. రాకపోతే వచ్చేయండి."

నలభై రోజులు కాపలా కాశాననుకుంటే, రోజూ నా చేత్తో నేనే ఇల్లు బార్లా తెరిచి వచ్చాను. ఎవరైనా వచ్చి ఉంటే? వస్తువులేం పోలేదు, చూశాను. పోకపోవడం వేరు, రాకపోవడం వేరు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

నేను చెప్పొచ్చేదేమంటే, నీ దొంగ కోసం బయట వెతికేముందు తాళం ఎవరి మెడలో ఉందో చూసుకో. నాకు చదువు లేదు, తోచింది రాశాను. గ్యాస్?

అక్క

*

మెషిన్ల హాలు,
జూలై 22

అక్కకు,

దొంగ దొరికాడు. నేనే.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. నవ్వు సగంలో ఆగిపోయింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. పెద్ద మెషిన్ అరగంటకోసారి చుట్టు తిరుగుతోందిగా. బలవంతంగా కట్టమన్నానుగా. తిరిగిన ప్రతిసారీ తలుపు ఊడదీసి, లోపలేముందో చూడకుండా అంతా తుడిచేసి సున్నం కొట్టి, మళ్లీ తలుపు బిగించి, పని సక్రమంగా అయిందని నాకు రాసి మరీ వస్తోంది. అందుకే సున్నం అంత తళతళలాడింది.

ఆ మాట కొట్టేశాను. ఇప్పుడు చిట్టా ఇలా అంటుంది: ముందు చూడు, గది లేకపోతేనే కట్టు, ఉంటే పలకరించి వచ్చేయి. రెండు రోజులైంది, రికార్డింగు చెక్కు చెదరలేదు. క్యాంటీన్ అతనికి క్షమాపణ చెప్పాను. నేను కాపు కాసిన రోజు నుంచి అతను నా టీలో చక్కెర వెయ్యడం లేదు, అది వేరే సంగతి.

ఇది నీ వల్ల తెలిసిందని అనుకోకు. నేనూ ఆ దారిలోనే ఉన్నాను.

ఇంకొక చిన్న చిక్కు. మెషిన్లను ఆపి లేపితే నాలుగు మాత్రం తిక్కగా ఉన్నాయి. చిట్టాలో "రెండో డిస్కు" అని రాశాను. నిన్న ఆ నాలుగింట్లో పెద్ద డిస్కు ముందు నిద్ర లేచి మొదటిదైపోయింది. మెషిన్ కాపురమున్న చిన్నది రెండోదైంది. అక్కడ గది లేదు కదా అని నా చిట్టా దానికే సున్నం కొట్టబోయింది. లోపల మనుషులున్నారని అది ఒప్పుకోలేదు కాబట్టి బతికిపోయాం. ఇందులో నీకు పనిలేదు, ఊరికే రాస్తున్నాను.

కోటు సంగతి రాయలేదేం?

తమ్ముడు

*

మెట్ల కింది గది,
ఆగస్టు 1

తమ్ముడికి,

కోటుకింకా వ్యవధి ఉందిలే.

ఇక్కడ పిల్లుల గొడవ. రెండూ కారునలుపు, ఏది ఏదో తెలియదు. ముందొచ్చినదాన్ని పెద్దది అనుకుని ఒక గిన్నె, తర్వాత వచ్చినదాన్ని చిన్నది అనుకుని ఒక గిన్నె పెడుతున్నాను. లెక్క తప్పకుండా రెండు పూటలా రెండేసి గిన్నెలు. తీరా చూస్తే ఒకటి పీపాలా తయారైంది, ఒకటి చీపురుపుల్లలా ఉంది. జబ్బేమోనని మూడు రోజులు నిద్ర లేదు.

కుట్టుపని ఆవిడ కిటికీలోంచి చూసి కనిపెట్టింది. ఒకటే గుమ్మంలోంచి వచ్చి తిని, చుట్టూ తిరిగి పెరటి వైపు నుంచి మళ్లీ వచ్చి తింటోందట. రెండోది వచ్చేసరికి గిన్నెలు నాకేసి ఉంటున్నాయి.

"మీరు వచ్చే వరసను బట్టి పేరు పెడితే ఎలా పెద్దమ్మా? ఒకదాని ఎడమ చెవి చిరిగి ఉంది చూడండి. ముందొచ్చినా వెనకొచ్చినా చెవి చెవే కదా."

నిజమే. ఇప్పుడు చెవి చూసి పెడుతున్నాను. నీ నాలుగు డిస్కులకూ చెవులుంటాయా? ఉండవులే. ఏదో దారి చూసుకో, సున్నం మాత్రం తొందరపడి కొట్టకు.

అక్క

*

అద్దె గది,
ఆగస్టు 9

అక్కకు,

ఉన్నాయి.

ప్రతి డిస్కుకీ పుట్టుకతో వచ్చిన పొడుగాటి నంబరు ఒకటి ఉంటుంది. ముందు లేచినా వెనక లేచినా అది మారదు. నాకు తెలిసిన విషయమే. మూడేళ్ల కిందట క్లాసులో చెప్పారు, నోట్సు కూడా రాసుకున్నాను. నీ చిరిగిన చెవి చదివితేగానీ ఆ పేజీ గుర్తు రాలేదు. పన్నెండు నంబర్లూ వంగి వంగి చూసి చిట్టాలో ఎక్కించాను. నడుము పట్టేసింది. ఏడుసార్లు ఆపి లేపాను, పన్నెండూ సరిగ్గా లేచాయి.

అయినా నిద్ర పట్టడం లేదు అక్కా. ఎనిమిదోసారి ఏమవుతుందో అని. మొన్న జిగురు బాబు వచ్చి నాకోసం బల్ల ఖాళీ చేయించానని చెప్పాడు. కిటికీ పక్కనే వేయించాడట. వెటకారమో అభిమానమో తెలియలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. ముప్పై ఏళ్లు మైకు పట్టుకుని గొంతులు రికార్డు చేశాను, ఆఖరి మూడేళ్లు కవర్లు అంటించలేను. ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను.

ఆ రోజు కాస్త మనిషిలా కనపడాలి. కోటు పంపు. ఇరవై ఎనిమిదో తారీఖు.

తమ్ముడు

*

నీ ఇల్లు, బీరువా ముందు,
ఆగస్టు 16

తమ్ముడికి,

కోటు పంపలేను. రెండు ఉత్తరాలుగా దాటవేస్తూ వచ్చాను, ఇక దాచితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది.

నేను పొద్దున్నే తెరిచిపెట్టిన నలభై రోజుల్లో ఆ నల్లపిల్లులు నీ ఇంట్లో కాపురం పెట్టాయి. బీరువా తలుపు సరిగా పడదని నీకు తెలుసు. కోటు హ్యాంగరు మీంచి లాగి కింద పరుచుకున్నాయి. జూలైలోనే చూశాను. వెళ్లగొడదామంటే అవి అలా చూశాయి, చేతులు రాలేదు. తలుపు వేసినా, వాటి రాకపోకలకు పెరటి కిటికీ ఓరగా వదిలాను. కాస్త కుదుటపడ్డాక తీసి ఉతికిద్దాంలే అనుకున్నాను.

మొన్న మంగళవారం పీపాలా ఉన్నది నీ కోటు మీద నాలుగు పిల్లల్ని పెట్టింది. అది లావుగా ఉన్నది రెండుసార్లు తిని కాదు. చెవి చూసి పెట్టడం మొదలుపెట్టాక తేలింది, రెండుసార్లు తినేది ఆ చిరిగిన చెవిదేనట. అంత తిన్నా పుల్లలానే ఉంది, ఏం తిండో. మేమంతా తప్పు పిల్లిని తిట్టాం. కుట్టుపని ఆవిడ కూడా తప్పు ఒప్పుకుంది. చెవి మాట నమ్మి నువ్వు చిట్టా మార్చావు కదా, అది కూడా తప్పేమోనని నాకు భయం. ఒకసారి సరిచూసుకో.

ఇప్పుడు రెండు పిల్లలు కోటు చేతుల్లో ఉన్నాయి, ఒకటి లోపలి జేబులో, ఒకటి కాలర్ దగ్గర. కదిపితే తల్లి బుసకొడుతోంది.

దీనితో పాటు స్వెటర్ పంపుతున్నాను. నిద్ర పట్టని రాత్రులన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇంట్లో పసుపుపచ్చ ఊలే ఉంది. ఎడమ చెయ్యి కాస్త పొడుగొచ్చింది, మడుచుకో. నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరం ఆఖర్లో తిట్టు, మొదట్లో వద్దు. గ్యాస్ కట్టే నిద్రపో.

అక్క

*

మెషిన్ల హాలు,
ఆగస్టు 29

అక్కకు,

మొదట్లోనూ తిట్టను, ఆఖర్లోనూ తిట్టను. వరసగా చెబుతాను, విను.

నీ స్వెటరే వేసుకున్నాను. పెద్దమేడం గారు పలచటి చీరలో వచ్చి గజగజ వణికారు. వెంట వచ్చిన కోట్లు తొడుక్కున్నవాళ్లు కూడా చేతులు చంకల్లో పెట్టుకున్నారు. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఈ హాల్లో పని తెలిసిన మనిషి ఈయనొక్కడే" అన్నారు. పని ఇంకా మొదలే కాలేదు.

పన్నెండింటినీ ఆపాను. హాలు నిశ్శబ్దం. వెనక జిగురు బాబు కూడా నిలబడి ఉన్నాడు. మళ్లీ లేపాను. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఎనిమిదోసారి ఇదే అనుకుంటూ దీపాలు లెక్కపెట్టాను.

ఇక్కడ నేను నీకు చెప్పనిది ఒకటుంది. పరీక్షకు పెట్టిన రికార్డింగు నీదే. నేను ఊరెళ్లే రోజు గుమ్మంలో నిలబడి జాగ్రత్తలు చెప్పావే, అప్పుడు జేబులో మైకు నడుస్తోంది. పోతే పోయింది, అక్క మళ్లీ చెబుతుంది అని ధైర్యంగా దాన్నే పెట్టాను. గది తలుపు పడగానే లోపలి సామాను ఉందో లేదో నాకు వినపడేలా, దాన్ని వినిపించమని చిట్టాలో రాసుకున్నాను. తనిఖీకి ముందు ఆ ఒక్క వరస తీసేయాలి. మరచిపోయాను.

ముందు మూడో మెషిన్ మొదలుపెట్టింది. "గ్యాస్ కట్టడం మరచిపోకు." తర్వాత ఏడోది, తర్వాత ఒకటోది. ఒకదాని వెనక ఒకటి పన్నెండూ. "చెవులకు గాలి తగలనివ్వకు. ఎవరేం పెట్టినా తినకు. తలుపు చూసుకో." ఏ మూల చూసినా నువ్వే. ఆపుదామంటే పన్నెండింట్లో ఏది ముందు ఆపాలో తెలియలేదు. ఆఖరున పన్నెండు చోట్ల నుంచీ, "విన్నావా? ఏదీ, విన్నానని చెప్పు" అన్నావు.

పెద్దమేడం గారు, "విన్నాను" అన్నారు.

ఆ వెంటనే బయటికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశారు. గోడ పక్క నుంచి మాకు వినపడింది: "పొయ్యి ఒకసారి చూడు. చూసి చెప్పు, నేను ఆగుతాను." జిగురు బాబు కూడా మెల్లగా జారుకుని ఫోన్ తీశాడు.

తిరిగి వచ్చి, "ఎవరావిడ?" అన్నారు.

"మా అక్కండీ."

"పన్నెండు చోట్లా ఉన్నారా?"

"పన్నెండు చోట్లా ఉందండీ. అరగంటకోసారి చూసుకుంటున్నాం."

"ఉండనివ్వండి. లేపినప్పుడల్లా ఈవిడ మాట వినిపిస్తే గది క్షేమమని మనకు తెలుస్తుంది" అని సంతకం పెట్టారు.

హాలు నాదే అక్కా. నీ పిల్లి లెక్క తప్పినా నా డిస్కుల లెక్క తప్పలేదు. జిగురు బాబు ఆ కిటికీ బల్ల వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటూ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అభిమానమే అనుకుంటా. క్యాంటీన్ అతను ఈరోజు టీలో చక్కెర వేశాడు.

కోటు పిల్లలకే వదిలెయ్యి.

తమ్ముడు

*

మెట్ల కింది గది,
సెప్టెంబరు 6

తమ్ముడికి,

నీ ఉత్తరం ఏడుసార్లు చదివాను. నాలుగుసార్లు సంతోషానికి, మూడుసార్లు సిగ్గుకి. చెప్పి ఉంటే కాస్త గొంతు సవరించుకునేదాన్ని కదరా. పెద్దవాళ్ల ముందు అలాగేనా నన్ను నిలబెట్టేది? మేడం గారింట్లో పొయ్యి కట్టే ఉందో లేదో నువ్వు రాయలేదు, ఆవిణ్ణి అడిగి రాయి. పలచటి చీర అన్నావు, కొలత పంపితే ఆవిడకూ ఒక స్వెటర్ మొదలుపెడతాను. పసుపుపచ్చ ఊలు ఇంకా ఉంది.

పిల్లలు కళ్లు తెరిచాయి. నాలుగూ కారునలుపే. చిరిగిన చెవి ఒక్కదానికీ రాలేదు, అందుకని మెడలకు తలా ఒక రంగు దారం కట్టాను. నీ ఇంటి తలుపు లాగి చూస్తున్నాను, తాళంచెవి తిప్పడం లేదు. తాడు విప్పి కుట్టుపని ఆవిడకే ఇచ్చేశాను. ఆవిడ భద్రంగా పెట్టిందో లేదో రోజుకు రెండుసార్లు వెళ్లి చూసి వస్తున్నాను.

ఒక్క మాట అడుగుతాను. జూన్ నుంచీ ఉత్తరాల్లో అడిగాను. పన్నెండు మెషిన్లలో నుంచి అడిగాను. విన్నానని ఆ మహాతల్లి చెప్పింది, నువ్వు చెప్పలేదు. ఇంతకీ గ్యాస్ కడుతున్నావా?

అక్క